హెప్‌జీ2 కణం చచ్చింది, సరే. ఎలా చచ్చింది?

"ఫలానా ఆకు సారం కాలేయ క్యాన్సర్ కణాల్ని చంపేస్తుందట" అన్న మాట ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది, వాట్సాప్‌లోనూ తిరుగుతుంది. చాలాసార్లు అది అబద్ధమేమీ కాదు. ల్యాబులో పెంచే కాలేయ కణితి కణమే హెప్‌జీ2. ఇలా ప్లాస్టిక్ ప్లేటులో పెరిగే కణాన్ని చంపడానికి పెద్ద మందేం అక్కర్లేదు. మీడియంలో ఉప్పు కాస్త ఎక్కువైనా, స్పిరిట్ చుక్క పడినా చస్తుంది. తేల్చాల్సింది ఆ కణం ఏ దారిన చచ్చిందన్నది. మనం వేసిన పదార్థమే చంపిందా, దాని పేరు మీద మరేదైనా చంపిందా అన్నది. ఆ తర్వాత, అంత మోతాదు మనిషి కాలేయం దాకా వెళ్తుందా అన్నది.

ఈ పోస్టులో రెండు పదార్థాల్ని పట్టుకుని ఆ సంగతులు చెబుతాను. ఒకటి నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, రెండోది పసుపులోని కర్క్యుమిన్. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీలో ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు పనికొచ్చేలా కొలతలతో సహా రాస్తున్నాను. ఇంట్లో కాలేయ రోగి ఉన్నవాళ్ళు నేరుగా చివరి భాగానికి వెళ్ళినా ఇబ్బంది లేదు.

కాలేయంలోనే కనిపెట్టిన చావు

కణం తనను తాను పద్ధతిగా చంపుకునే తీరుకు అపోప్టోసిస్ అన్న పేరు 1972లో పుట్టింది. జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలిస్టేర్ కరీ అనే ముగ్గురు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాసిన వ్యాసంలో. గ్రీకులో ఆ మాటకు ఆకులు రాలడమని అర్థం. అంతకుముందే, 1960లలో, కెర్ ఎలుకల కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర కొమ్మను కట్టేసి, ఆ భాగం కుంచించుకుపోవడాన్ని గమనించాడు. అక్కడి కణాలు కొన్ని ఉబ్బి పగిలిపోలేదు. ముడుచుకుపోయి, ముక్కలై, ఆ ముక్కల్ని పక్క కణాలు మింగేశాయి. వాపు లేదు, గొడవ లేదు. అంటే ఈ భావన పుట్టిల్లే కాలేయం.

కణం ఇలా చావడానికి లోపలి దారి ఒకటి, బయటి దారి ఒకటి ఉన్నాయి. లోపలి దారిలో డీఎన్‌ఏ దెబ్బతిన్నా, ఆక్సీకరణ ఒత్తిడి పెరిగినా ప్యూమా, నోక్సా, బిమ్ వంటి ప్రోటీన్లు లేస్తాయి. అవి బాక్స్, బాక్ అనే జంట ప్రోటీన్లను ఉసిగొల్పితే మైటోకాండ్రియా బయటి పొరకు చిల్లులు పడతాయి. లోపలున్న సైటోక్రోమ్ సీ బయటికి కారుతుంది. అది అపాఫ్-1తో కలిసి ఏడాకుల చక్రం లాంటి నిర్మాణం కడుతుంది. ఆ చక్రం మీద కాస్పేజ్-9 అనే, ప్రోటీన్లను కోసే ఎంజైమ్ మేలుకుంటుంది, అది కాస్పేజ్-3, 7లను కోసి నిద్రలేపుతుంది. ఇక అక్కడి నుంచి కణంలోని వందల ప్రోటీన్లు ముక్కలవుతాయి. బయటి దారిలో ఫాస్, ట్రెయిల్ వంటి గ్రాహకాల మీద సంకేతం తగిలి కాస్పేజ్-8 లేస్తుంది.

కాలేయ కణంలో ఓ విశేషం ఉంది. కొన్ని రకాల కణాల్లో కాస్పేజ్-8 ఒక్కటే నేరుగా కాస్పేజ్-3ని లేపి పని ముగిస్తుంది. కాలేయ కణంలో ఎక్స్‌ఐఏపీ అనే ప్రోటీన్ దానికి అడ్డం పడుతుంది. అందుకే కాస్పేజ్-8 ముందు బిడ్ అనే ప్రోటీన్‌ను కోయాలి, కోసిన ముక్క మైటోకాండ్రియాకు వెళ్ళాలి, అక్కడి నుంచి స్మాక్ అనే ప్రోటీన్ బయటికొచ్చి ఎక్స్‌ఐఏపీని పక్కకు లాగాలి. బయటి దారిన మొదలైన చావు కూడా ఇక్కడ మైటోకాండ్రియా మీదుగానే సాగాలన్నమాట. మొక్కల పదార్థాల్లో ఎక్కువ భాగం మైటోకాండ్రియానే కదిలిస్తాయి కనుక ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నేలవేము చేదు ఎక్కడ తగులుతుంది

ఆండ్రోగ్రాఫోలైడ్ అణుభారం 350.45. దీని బలమంతా ఒక చివరనున్న లాక్టోన్ వలయంలో, దాన్ని అంటుకున్న జంట బంధంలో ఉంది. ఆ చోటు గంధకం ఉన్న థయోల్ గుంపుల కోసం కాచుకుని ఉంటుంది. కణంలో థయోల్ అంటే ముందుగా గ్లూటాథయోన్, తర్వాత ప్రోటీన్లలోని సిస్టీన్లు. ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే, కణాన్ని బతికించే ప్రోటీన్‌లో పీ50 భాగం మీద 62వ స్థానంలో ఓ సిస్టీన్ ఉంది. ఆండ్రోగ్రాఫోలైడ్ దానికి అతుక్కుంటే ఆ ప్రోటీన్ డీఎన్‌ఏను పట్టుకోలేదు. మరోపక్క గ్లూటాథయోన్ కరిగిపోయి ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. దానితో జేఎన్‌కే అనే ఒత్తిడి సంకేతం లేస్తుంది, అది బాక్స్ దాకా వెళ్తుంది. హెప్3బీ అనే మరో రకం కాలేయ క్యాన్సర్ కణాల్లో ఈ జేఎన్‌కే దారిని చూపించారు. దెబ్బతిన్న కణాన్ని చావువైపు నెట్టే పీ53 అనే ప్రోటీన్ హెప్3బీలో అసలు లేదు. కాబట్టి పీ53 లేకున్నా ఈ చావు జరుగుతుందని తేలింది, అది చిన్న విషయం కాదు.

ఇక్కడే ఒక అపాయం కూడా ఉంది. థయోల్ కనబడితే అతుక్కునే అణువు క్యాన్సర్ కణాన్నీ మంచి కణాన్నీ వేరుచేసి చూడదు. మంచి కాలేయ కణంలో గ్లూటాథయోన్ నిల్వ పెద్దది కాబట్టి కొంత తట్టుకుంటుంది. ఆ తేడా ఎంతో కొలవకుండా "క్యాన్సర్ కణాల్నే చంపుతుంది" అని రాయకూడదు.

ముందు కణం ఎవరిదో తేల్చుకోండి

మన దగ్గర ఎక్కువగా వాడేది హెప్‌జీ2. అది అర్జెంటీనాకు చెందిన 15 ఏళ్ళ బాలుడి కణితి నుంచి వచ్చింది. చాలా ఏళ్ళు దాన్ని పెద్దలకు వచ్చే కాలేయ క్యాన్సర్ అనే చెప్పుకున్నారు. 2009లో మళ్ళీ పరిశీలించి, పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అని తేల్చారు. కాబట్టి హెప్‌జీ2 ఒక్కదాని మీద చేసి హెపటోసెల్యులర్ కార్సినోమా (పెద్దల కాలేయ క్యాన్సర్) గురించి తీర్మానం రాస్తే పునాది లేనట్టే. పక్కన హెప్3బీ, హుహ్7 పెట్టుకోండి. హెప్‌జీ2లో పీ53 మామూలుగా ఉంటుంది, హెప్3బీలో ఉండదు, హుహ్7లో 220వ స్థానంలో మారిపోయి ఉంటుంది. మూడింట్లోనూ ఒకే తీరున చస్తే పీ53 ప్రమేయం తక్కువని అనుకోవచ్చు. ఒక్క హెప్‌జీ2లోనే చస్తే పీ53ను అనుమానించవచ్చు, కానీ అది రుజువు కాదు. ముగ్గురు వేర్వేరు మనుషుల కణాలు కదా. హెప్‌జీ2లోనే పీ53ను అణచి చూస్తే అది రుజువు.

పీ53 మాట వచ్చింది కనుక మనకు దగ్గరి సంగతి ఒకటి. వేరుశనగ కాయకు పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ బీ1ను తయారుచేస్తుంది. కాలేయంలో అది మారి, పీ53 జన్యువు 249వ కోడాన్‌లో ఒక అక్షరాన్ని తిప్పేస్తుంది. ఆర్జినైన్ ఉండాల్సిన చోట సెరీన్ వస్తుంది. కాయ ముదిరే దశలో వాన ముఖం చాటేస్తే ఈ బూజు ఎక్కువ. అనంతపురం లాంటి చోట రైతుకు ఆ పరిస్థితి కొత్త కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఈ విషాన్ని పసిగట్టే చవక పరీక్షలు తయారైంది అందుకే. కణాల్ని చంపే ఆకు కోసం వెతకడం ఎంత ముఖ్యమో, బూజుపట్టిన కాయను ఏరి పారేయడం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంకో హెచ్చరిక. ఎస్‌ఎంఎంసీ-7721, బెల్-7402 అనే కణాలు కాలేయ క్యాన్సర్ పేరుతో వందల వ్యాసాల్లో కనిపిస్తాయి. అవి నిజానికి హీలా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు. "మామూలు కాలేయ కణం" అని పోలికకు పెట్టే ఎల్-02, చాంగ్ లివర్ కూడా హీలానే. ఒకే కణాన్ని రెండు పేర్లతో పక్కపక్కన పెట్టి "క్యాన్సర్ కణం చచ్చింది, మంచి కణం బతికింది" అని రాసినట్టవుతుంది. కణం ఎవరిదో డీఎన్‌ఏను బట్టి తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించుకోండి, మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా కోసం నెలకోసారి పీసీఆర్ చేయండి. మైకోప్లాస్మా సోకిన ఫ్లాస్కు బయటికి తేటగానే కనిపిస్తుంది, లోపల ఫలితాలన్నీ తారుమారు చేస్తుంది.

సారం, స్టాక్

నేలవేము ఆకులో ఆండ్రోగ్రాఫోలైడ్ పూత మొదలయ్యే దశలో ఎక్కువ. నీడన ఆరబెట్టి పొడి కొట్టండి. 50 గ్రాముల పొడికి 500 మిల్లీలీటర్ల 70 శాతం ఇథనాల్ పోసి, షేకర్ మీద 48 గంటలు ఉంచి, వాట్‌మన్ నంబర్ 1 కాగితంతో వడకట్టండి. పిప్పికి ఇంకోసారి అదే చేయండి. రెండు వడపోతల్నీ కలిపి రోటరీ ఇవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ఆవిరి చేయండి. ఖాళీ ఫ్లాస్కు బరువు ముందే రాసుకోకపోతే సారం ఎంత వచ్చిందో ఎప్పటికీ చెప్పలేరు. ఇది చాలామంది మరిచిపోతారు.

మొక్కను వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళ చేత గుర్తింపజేసి, హెర్బేరియంలో నమూనా పెట్టి, దాని సంఖ్య రాయండి. పచారీ కొట్టులో "నేల ఉసిరి" అడిగితే ఫిలాంథస్ జాతిలోని రెండు మూడు మొక్కలు కలిసిన కట్ట ఇస్తారు. తెలుగు పేరు ఒకటే, రసాయనాలు వేరు. సారంలో అసలు పదార్థం ఎంత ఉందో, పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో చూడండి. ఆండ్రోగ్రాఫోలైడ్‌కు దాదాపు 225 నానోమీటర్ల దగ్గర మంచి శిఖరం వస్తుంది.

సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుగా కరిగించుకుంటే లెక్క తేలిక. మీడియంలో వెయ్యి వంతులు పలచన చేస్తే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు, డీఎంఎస్ఓ 0.1 శాతం. శుద్ధమైన ఆండ్రోగ్రాఫోలైడ్ అయితే 7 మిల్లీగ్రాముల్ని 1 మిల్లీలీటర్ డీఎంఎస్ఓలో కరిగిస్తే 20 మిల్లీమోలార్. దాన్ని 200 వంతులు పలచన చేస్తే 100 మైక్రోమోలార్, డీఎంఎస్ఓ 0.5 శాతం. తక్కువ మోతాదులన్నీ డీఎంఎస్ఓలోనే మెట్లు మెట్లుగా పలచన చేసి, ఒక్కోదాన్ని మీడియంలో 200 వంతులు కలపాలి. మీడియంలో మెట్లు దిగితే ఒక్కో వెల్‌లో (ప్లేటులోని గుంటలో) డీఎంఎస్ఓ ఒక్కో శాతం ఉంటుంది, పోల్చడానికి ఏమీ మిగలదు.

స్టాక్‌ను 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలనుకుంటే పీటీఎఫ్‌ఈ పొర వాడండి. సెల్యులోజ్ అసిటేట్ పొర డీఎంఎస్ఓలో కరిగి, మీ స్టాక్‌లోనే కలిసిపోతుంది. ఆ తర్వాత ఏది చంపిందో దేవుడికే తెలియాలి. స్టాక్‌ను చిన్న చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 20లో పెట్టండి, ఒక్కో గొట్టం ఒక్కసారే తీయండి. డీఎంఎస్ఓ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసి వదలకూడదు.

బెర్బెరిన్ వంటివి లవణాలుగా అమ్ముతారు. సీసా మీద బెర్బెరిన్ క్లోరైడ్ అని ఉంటే అణుభారం 371.8, ఉత్త బెర్బెరిన్ అయాన్‌ది 336.4. ఏది చూసి తూకం వేశారో రాయండి. 10 శాతం తేడా ఇక్కడే దొర్లుతుంది.

ఎంటీటీ చెప్పేది, చెప్పనిది

హెప్‌జీ2 గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. ట్రిప్సిన్ తర్వాత 21 గేజి సూది గుండా రెండు మూడుసార్లు మెల్లగా లాగి వదిలితే విడివడుతుంది. ఇది చేయకపోతే ఒక వెల్‌లో 3 వేలు, పక్క వెల్‌లో 15 వేలు పడతాయి.

96 వెల్‌ల ప్లేటులో అంచునున్న 36 వెల్‌లకు 200 మైక్రోలీటర్ల పీబీఎస్ అనే ఉప్పు ద్రవం పోసి వదిలేయండి. అంచుల్లో ఆవిరి ఎక్కువ, అక్కడ మోతాదు చిక్కబడుతుంది. మిగిలిన 60 వెల్‌లు 10 నిలువు వరుసలు, 6 అడ్డు వరుసలు. నిలువు వరుసల్లో ఒకటి ఏమీ కలపనిది, ఒకటి డీఎంఎస్ఓ మాత్రమే, ఒకటి డాక్సోరుబిసిన్ (కణాల్ని చంపుతుందని తెలిసిన మందు), మిగిలిన 7 మోతాదులు: 100, 32, 10, 3.2, 1, 0.32, 0.1 మైక్రోమోలార్. అడ్డు వరుసల్లో పై మూడింటిలో వెల్‌కు 8 వేల కణాలు, 100 మైక్రోలీటర్ల మీడియంలో. కింది మూడింటిలో కణాలే వద్దు, మిగతాదంతా అదే. ఆ కింది మూడు వరుసల్ని దండగ అనుకునేవాళ్ళే ఎక్కువ. ఈ ప్లేటులో అన్నిటికన్నా విలువైనవి అవే.

కణాలు అంటుకోవడానికి 24 గంటలు ఇచ్చి, మందు వేసి, 48 గంటల తర్వాత ఎంటీటీ కలపండి. బతికున్న కణాలు ఊదాగా మార్చే రంగుపదార్థం ఇది. స్టాక్ మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు, వెల్‌కు 10 మైక్రోలీటర్లు. 37 డిగ్రీల వద్ద 3 నుంచి 4 గంటలు. ఊదా పలుకులు ఏర్పడ్డాక మీడియం తీసేసి, 100 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవాలి.

ఎంటీటీని ఊదాగా మార్చేది కణంలోని క్షయకరణ శక్తి. కానీ ఆకు సారంలోని టానిన్లు, ఫ్లేవనాయిడ్లు, ఆస్కార్బిక్ ఆమ్లం కూడా అదే పని చేయగలవు. కణాలు లేని వెల్‌లు ఊదా తిరిగితే ఇదే కారణం. అప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్నట్టు లెక్కలోకి వస్తాయి. మోతాదు పెరిగేకొద్దీ బతుకు శాతం 110, 120కి ఎగబాకే గ్రాఫులు చాలావరకు ఇలా పుట్టినవే. అలాంటి సారానికి ఎస్‌ఆర్‌బీ పద్ధతి మేలు. చల్లటి 10 శాతం ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో గంటసేపు కణాల్ని బిగించి, కడిగి, 1 శాతం అసిటిక్ ఆమ్లంలో 0.4 శాతం రంగు వేసి, ట్రిస్ ద్రవంలో రంగును కరిగించి చదవడం. అది ప్రోటీన్‌ను కొలుస్తుంది, క్షయకరణతో దానికి పనిలేదు.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. మందు వేసే వేళకు 8 వేల కణాలున్నాయనుకుందాం. 48 గంటల్లో డీఎంఎస్ఓ వెల్‌లో అవి 16 వేలయ్యాయి. మందు వేసిన వెల్‌లో 8 వేలే ఉన్నాయి. ఎంటీటీ 50 శాతం చూపిస్తుంది. "సగం కణాలు చచ్చాయి" అని రాసేస్తారు. నిజానికి ఒక్క కణమూ చావలేదు, విభజన ఆగిందంతే. మందు వేసే రోజునే ఇంకో ప్లేటును ఎంటీటీతో చదివి పెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు. చదివిన విలువ ఆ సున్నా గంటల విలువ కన్నా కిందికి దిగితేనే చావు.

మూడోది పాలీఫినాల్స్‌తో వస్తుంది. గ్రీన్ టీలోని ఈజీసీజీ లాంటివి మీడియంలోనే ఆక్సీకరణకు లోనై హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాన్ని చంపింది ఆ పెరాక్సైడ్, పేరు మాత్రం టీ ఆకుది. ఇది తేల్చడానికి మీడియంలో మిల్లీలీటరుకు 200 యూనిట్ల కాటలేజ్ (పెరాక్సైడ్‌ను విరిచే ఎంజైమ్) వేసి ఇంకో వరుస నడపండి. చావు మాయమైతే ఆ ప్రభావం ప్లేటుకే పరిమితం, శరీరంలో అలా జరగదు. డీఎంఈఎం అనే మీడియం రకాల్లో కొన్నిటిలో 1 మిల్లీమోలార్ సోడియం పైరువేట్ ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. పైరువేట్ పెరాక్సైడ్‌ను మింగేస్తుంది. మీడియం సీసా మారిన నెలలో ఫలితం తలకిందులైందంటే ముందు ఇదే చూడండి.

శుద్ధి చేయని సారానికి ఐసీ50 (కొలతను సగానికి తగ్గించే మోతాదు) మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల లోపు ఉంటే ముందుకెళ్ళడం న్యాయం. 200, 300 దగ్గర వచ్చినదాన్ని పట్టుకుని మూడేళ్ళు పోగొట్టుకోవద్దు. బిళ్ళ గన్నేరు నుంచి వచ్చిన విన్‌బ్లాస్టిన్ నానోమోలార్ స్థాయిలో పనిచేస్తుంది. మందుగా నిలబడ్డ మొక్కల పదార్థాలకూ, రిపోర్టుల్లో ఆగిపోయినవాటికీ మధ్య దూరం ఆ స్థాయిలో ఉంటుంది.

అపోప్టోసిస్ అని రాయాలంటే

ఎంటీటీ మీద ఆధారపడి అపోప్టోసిస్ అని రాయకూడదు. 6 వెల్‌ల ప్లేటులో వెల్‌కు 3 లక్షల కణాలు వేసి, ఐసీ50 మోతాదుతో 6, 12, 24 గంటల దగ్గర అనెక్సిన్ వీ, ప్రొపీడియం అయోడైడ్ పరీక్ష చేయండి. తేలిపోయిన కణాల్ని పారబోయకండి. చచ్చినవి అక్కడే ఉంటాయి. మీడియం, కడుగునీరు, ట్రిప్సిన్‌తో లేచినవి అన్నీ ఒకే గొట్టంలోకి చేర్చి, 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి.

కణం చావడం మొదలుపెట్టినప్పుడు లోపలి వైపుండే ఫాస్ఫాటిడిల్‌సెరీన్ బయటి వైపుకు తిరుగుతుంది. అనెక్సిన్ దాన్ని పట్టుకుంటుంది, అదీ కాల్షియం ఉంటేనే. ప్రొపీడియం అయోడైడ్ రంగు పొర చిరిగిన కణంలోకే పోతుంది. ట్రిప్సిన్‌తో పాటు వచ్చే ఈడీటీఏ కాల్షియంను లాగేస్తుంది కాబట్టి రెండుసార్లు పీబీఎస్‌తో కడగాలి. బఫర్‌లో 10 మిల్లీమోలార్ హెపెస్, 140 సోడియం క్లోరైడ్, 2.5 కాల్షియం క్లోరైడ్ ఉండాలి. 100 మైక్రోలీటర్ల బఫర్‌లో లక్ష కణాలు, అనెక్సిన్ 5 మైక్రోలీటర్లు, చీకట్లో 15 నిమిషాలు, తర్వాత ఇంకో 400 మైక్రోలీటర్ల బఫర్. గంటలోపు ఫ్లో సైటోమీటర్ మీద చదివేయాలి. ట్రిప్సిన్‌ను ఎక్కువసేపు ఉంచితే పొర చిరిగి, ఏ మందూ వేయని కణాలు కూడా 15, 20 శాతం చచ్చినట్టు కనిపిస్తాయి.

6, 12 గంటల దగ్గర అనెక్సిన్ ఒక్కటే అంటిన గుంపు కనిపించి, 24 గంటలకు అది రెండు రంగులూ అంటిన గుంపులోకి జరిగితే అపోప్టోసిస్‌కు సరిపోయే నడక. మొదటి నుంచే రెండు రంగులూ అంటిన గుంపు ఒక్కటే ఉంటే పొర ముందే పగిలింది, అది వేరే చావు.

కర్క్యుమిన్‌తో ఇక్కడ పెద్ద ఇబ్బంది. అది తానే ఆకుపచ్చగా వెలుగుతుంది, సరిగ్గా అనెక్సిన్‌కు తగిలించే ఎఫ్‌ఐటీసీ రంగు వెలిగే చోటే. అనెక్సిన్-ఎఫ్‌ఐటీసీ వాడితే కర్క్యుమిన్ తాగిన ప్రతి కణమూ చస్తున్నట్టే కనిపిస్తుంది. వేరే రంగున వెలిగే అనెక్సిన్-ఏపీసీ తీసుకోండి. రంగులేవీ వేయని, కర్క్యుమిన్ మాత్రమే వేసిన కణాల గొట్టం ఒకటి తప్పనిసరిగా పెట్టండి. డీసీఎఫ్‌డీఏ రంగుతో ఆక్సీకరణ ఒత్తిడి కొలిచేటప్పుడూ ఇదే తంటా. ఆకు సారంలో పత్రహరితం మిగిలితే ఎర్ర చానల్‌లో ఇలాంటి గోలే చేస్తుంది.

వెస్టర్న్ బ్లాట్‌లో కాస్పేజ్-3 కోసుకుపోయి 17, 19 కిలోడాల్టన్ల ముక్కలు రావాలి. కాస్పేజ్ కోసే పార్ప్ అనే ప్రోటీన్ 116 నుంచి 89కి దిగాలి. చాలామంది బాక్స్ పెరిగింది, కణాన్ని బతికించే బీసీఎల్-2 తగ్గింది అని రెండు పట్టీలు చూపించి ముగించేస్తారు. నాకది చాలదు. బాక్స్ మొత్తం ఎంతుందన్నది కాదు, అది మైటోకాండ్రియా మీదికి చేరిందా, సైటోక్రోమ్ సీ బయటి ద్రవంలోకి కారిందా అన్నది చూడాలి. డిజిటోనిన్‌తో పైపొరను మాత్రమే తెరిచి రెండు భాగాలూ వేరుచేస్తే అది తెలుస్తుంది.

ఆఖరి రుజువు ఆపి చూడడం. జెడ్‌వ్యాడ్ 20 మైక్రోమోలార్ గంట ముందు వేస్తే కాస్పేజ్‌లు ఆగుతాయి. 24 గంటల దగ్గర చావు తగ్గితే అపోప్టోసిస్. 72 గంటల దాకా ఆగి చూస్తే మోసపోతారు, మైటోకాండ్రియా చెడిన కణం కాస్పేజ్ లేకున్నా మెల్లగా చస్తుంది. జెడ్‌వ్యాడ్‌తో తగ్గక, ఫెర్రోస్టాటిన్-1 ఒక మైక్రోమోలార్‌తో తగ్గితే అది ఫెరోప్టోసిస్, ఇనుము వల్ల పొర కొవ్వులు కాలిపోయే చావు. మాచిపత్రి జాతి మొక్క నుంచి వచ్చిన ఆర్టెమిసినిన్, దాని నుంచి తయారైన పదార్థాలు ఇనుమున్న కణాల్లో ఆ దారి పడతాయి. నెక్రోస్టాటిన్‌తో తగ్గితే నెక్రోప్టోసిస్, కణం ఉబ్బి పగిలే చావు.

ఆక్సీకరణను ఆపడానికి వేసే ఎన్-అసిటైల్ సిస్టీన్‌తో మాత్రం జాగ్రత్త. 5 మిల్లీమోలార్ వేయగానే ఆండ్రోగ్రాఫోలైడ్ చంపడం ఆగిపోతుంది, "చంపింది ఆక్సీకరణ ఒత్తిడే" అని రాస్తారు. కానీ అది థయోల్. ఆండ్రోగ్రాఫోలైడ్ కణంలోకి పోకముందే మీడియంలోనే దానికి అతుక్కుని చల్లబడి ఉండొచ్చు. పోలికకు థయోల్ లేని, ట్రోలాక్స్ వంటి ఆక్సీకరణ నిరోధకం పెట్టండి. అది కూడా కాపాడితేనే ఆక్సీకరణ మాట నిలుస్తుంది. పైగా ఎన్-అసిటైల్ సిస్టీన్ పుల్లటిది. పీహెచ్ 7.4కు సరిచేయకుండా పోస్తే ఫీనాల్ రెడ్ పసుపు తిరుగుతుంది, కణాలు ఆమ్లానికే నీరసిస్తాయి.

పసుపు, మనిషి కాలేయం

కర్క్యుమిన్ హెప్‌జీ2 కణాల్ని చంపడానికి పదుల మైక్రోమోలార్లు కావాలి. దాని సంగతి ఏమిటంటే, సీరం లేని, పీహెచ్ 7.2 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర అరగంటలో 90 శాతం విరిగిపోతుంది. సీరం ఉన్న మీడియంలో ఎక్కువసేపు నిలుస్తుంది, అయినా 8 గంటలకు సగమే మిగులుతుంది. 48 గంటల ప్రయోగంలో కణం ఎక్కువసేపు చూసేది కర్క్యుమిన్‌ను కాదు, దాని ముక్కల్ని.

మనిషిలో ఇంకా కష్టం. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగినవాళ్ళ సీరంలో కనిపించిన గరిష్ఠ స్థాయిల సగటు 1.77 మైక్రోమోలార్. మింగినదానిలో చాలా భాగం ఒంటికి పట్టదు, పట్టినది కూడా పేగులోనూ కాలేయంలోనూ గ్లూకురోనైడ్‌గా (నీటిలో కరిగి బయటికి పోయే రూపంగా) మారి వెళ్ళిపోతుంది. పసుపు పొడిలో కర్క్యుమిన్ దాదాపు 3 శాతం. 8 గ్రాములంటే రోజుకు పావుకిలోకు పైగా పసుపు. కూరలో వేసే చెంచాకూ ఈ లెక్కకూ పొంతనే లేదు.

ఈ అడ్డంకి దాటడానికే మాత్రల్లో మిరియాల పైపెరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ చేర్చితే మనుషుల్లో శోషణ 2000 శాతం పెరిగిందని చూపారు. గ్లూకురోనైడ్‌గా మారే పనిని పైపెరిన్ అడ్డుకోవడమే దానికి ముఖ్య కారణం. అయితే అది కర్క్యుమిన్‌ను మాత్రమే చూసి అడ్డుకోదు. సోరాఫెనిబ్ వంటి కాలేయ క్యాన్సర్ మందు విరిగేది కూడా సీవైపీ3ఏ4 అనే కాలేయ ఎంజైమ్ దారిన, గ్లూకురోనైడ్ దారిన. అవే దారులు మూసుకుంటే ఆ మందు రక్తంలో పేరుకుపోవచ్చు.

కాలేయానికి మంచిదని వేసుకున్న పసుపు మాత్రే కాలేయాన్ని దెబ్బతీసిన సంఘటనలు ఉన్నాయి. అమెరికాలో మందుల వల్ల కాలేయ నష్టాన్ని నమోదు చేసే బృందం 2022లో అలాంటి 10 మంది వివరాలు ప్రచురించింది. వారిలో 7గురికి హెచ్‌ఎల్‌ఏ-బీ35:01 అనే జన్యు రూపం ఉంది, ఒకరు చనిపోయారు. కాలేయ క్యాన్సర్ వచ్చినవారిలో చాలామందికి అప్పటికే సిరోసిస్ ఉంటుంది. వాళ్ళకు ఇంకో దెబ్బ తట్టుకునే ఓపిక కాలేయంలో మిగలదు.

నేల ఉసిరి కథ కూడా చెప్పుకోవాలి. 1988లో మద్రాసు పరిశోధన ఒకటి లాన్సెట్‌లో వచ్చింది. హెపటైటిస్ బీ మోస్తున్నవారికి 30 రోజులు ఫిలాంథస్ అమారస్ పొడి ఇస్తే 37 మందిలో 22 మందికి వైరస్ పైపొర ప్రోటీన్ మాయమైంది, ఉత్త మాత్ర వేసుకున్న 23 మందిలో ఒకరికే. కాలేయ క్యాన్సర్‌కు హెపటైటిస్ బీ పెద్ద కారణం కనుక ఆ వార్త అందరిలో ఆశ రేపింది. తర్వాత వేరే చోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. ఆ ఆశతో హెపటైటిస్ బీ టీకాను పక్కన పెట్టినవాళ్ళు ఉంటే నష్టపోయింది వాళ్ళే. పుట్టిన 24 గంటల్లో వేయించే టీకా ఇవాళ్టికీ కాలేయ క్యాన్సర్‌కు మన దగ్గరున్న గట్టి అడ్డుకట్ట.

మొక్క నుంచి కాలేయ క్యాన్సర్ మందు రాదని కాదు. ఎపిమీడియం అనే చైనా మొక్క నుంచి వచ్చిన ఇకారిటిన్‌కు 2022లో అక్కడ షరతులతో అనుమతి దొరికింది, శస్త్రచికిత్సకు వీలుకాని దశలో ఉన్న కొందరు రోగులకు. అది కూడా ఆకు కషాయంగా కాదు, మోతాదు కట్టిన ఒకే అణువుగా, మనుషుల మీద పోల్చి చూసిన తర్వాత.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుండి, ఏదైనా మొక్కల మాత్రో పొడో వాడుతుంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ డబ్బానే తీసుకెళ్ళండి. పేరు చెబితే చాలదు. డబ్బా వెనక కర్క్యుమిన్ ఎన్ని మిల్లీగ్రాములో, పైపెరిన్ ఉందో లేదో రాసి ఉంటుంది. మొదలుపెట్టిన తేదీ కూడా ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. కాలేయ రక్తపరీక్షల్లోని ఏఎల్‌టీ, బిలిరుబిన్ ఎప్పుడు పెరిగాయో ఆ తేదీ పక్కన పెట్టి చూడడం డాక్టర్ చేసే మొదటి పని.